ఆ వాచీ వంశానిది కాదు, అత్తమ్మది

ఇంట్లో ఒక పాత వస్తువును అమ్మాలా, ఉంచుకోవాలా అనే మాట వస్తే ముందు అందరూ దాని ధర అడుగుతారు. తర్వాత జ్ఞాపకాలు చెప్తారు. అది ఎవరిది అని మాత్రం ఎవరూ అడగరు. మగవాళ్ళ ఒంటి మీద ఉన్న వస్తువైతే అసలే అడగరు. వాళ్ళు పోయిన మర్నాటి నుంచే అది వంశానిదైపోతుంది.

మా మామయ్య వాచీ మీద ఆరు నెలలుగా మా ఇంట్లో నడుస్తున్న చర్చ విని విని ఇది రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. ఆ వాచీని అమ్మాలి. వచ్చిన ప్రతి రూపాయీ మా అత్తమ్మ చేతిలో పెట్టాలి. నచ్చనివాళ్ళు కోప్పడండి, కానీ చివరిదాకా చదివి కోప్పడండి.

మామయ్య వరంగల్ ఆజంజాహి మిల్లులో గుమస్తా. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది. ఎన్ని వేల ఇళ్ళల్లో పొయ్యి వెలిగించిందో ఈ ఊళ్ళో పాతవాళ్ళనెవరినడిగినా చెప్తారు. ఆయన చేతికి బంగారు కేసున్న ఒమేగా వాచీ ఉండేది. బ్యాటరీది కాదు, రోజూ చావి ఇచ్చుకునేది. పొద్దున దేవుడికి దండం పెట్టుకున్నాక దానికి చావి ఇచ్చేవారు. ఆయన పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచీ అది బీరువాలో దూదిలో చుట్టి ఉంది.

ఈ మధ్య హైదరాబాద్‌లో ఇద్దరికి చూపించాం. ఒకాయన తూకం వేసి, బంగారం లెక్కన ఎనభై వేలన్నాడు. ఇంకొకాయన వెనక మూత తీసి, లోపలి మిషను చూసి, డయలు మార్చలేదని తెలుసుకుని, వాచీగానే కొంటానని లక్షా డెబ్భై వేలు చెప్పాడు. అక్కడ మొదలైంది గొడవ.

మా మరిది అన్నమాట: "వదినా, బాపు గుర్తది. అమ్ముకుంటే నలుగురు నవ్వరా?" మావారి మాట: "రేపు మనోడి చేతికి పెడదాం. తాత వాచీ మనవడికి. వంశంల ఉండాలె." ఆ మనవడు, అంటే మా అబ్బాయి, ఫోన్‌లో టైం చూస్తాడు. కరీంనగర్‌లో ఉన్న మా ఆడబిడ్డను అడిగితే "మీ అన్నదమ్ములిష్టం" అంది. ఆడపిల్లలు ఆ మాట ఎంత తొందరగా అనేస్తారో గమనించారా? చిన్నప్పటినుంచీ అలవాటు చేయించిన మాట కదా!

అత్తమ్మను ఎవరూ అడగలేదు. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవు గనక ఆమె ఎదురుగానే మాట్లాడుకున్నారు. రాత్రి నేను పక్కన కూర్చుని గట్టిగా చెప్తే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అన్నది: "అమ్మున్రి బిడ్డా. చెవి మిషను కొనుక్కుంట. మిగిలింది నా పేరు మీద పోస్టాఫీసుల వెయ్యున్రి."

మర్నాడు ఆ మాట చెప్పగానే కొడుకులిద్దరూ నవ్వారు. "గంతేనా అమ్మా, మిషను మేం కొనియ్యమా? వాచీ ఎందుకు అమ్ముడు?"

మంచి మాటలాగే ఉంది కదా? నాకు మాత్రం గుచ్చుకుంది. ఎందుకో చెప్పాలంటే ఆ వాచీ ఈ ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి.

అత్తమ్మ పెళ్ళి 1968లో, నర్సంపేట దగ్గరి పల్లెలో జరిగింది. ఆమెకు పదిహేడేళ్ళు. పెళ్ళికొడుక్కి వాచీ పెట్టాలని ముందే మాట. వాళ్ళ నాన్న హెచ్‌ఎంటీ జనతా పెడతానన్నాడు. బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో మొదలైంది. జనతా అంటే పేరుకు తగ్గట్టు మామూలు జనం కొనుక్కునే వాచీ. కానీ అటువైపు పెద్దలకు అది ఆనలేదు. మిల్లులో ఉద్యోగం చేసే పిల్లవాడికి జనతా ఏమిటి, ఫారిన్ వాచీ కావాలన్నారు. విదేశీ వాచీల దిగుమతి మీద ఆంక్షలున్న రోజులవి. పెళ్ళికొడుకు అలిగాడు. అలకంటే మనకు పాటలు, పరాచికాలు గుర్తొస్తాయి. ఆ అలక తీర్చడానికి అత్తమ్మ వాళ్ళమ్మ మెడలోని కాసులపేరు తీసి ఇచ్చింది. ఎనిమిది తులాలు. ఆమెకు వాళ్ళమ్మ పెట్టింది.

అంటే, ఈ వంశపు వాచీ ఇంకొక వంశపు నగను అమ్మితే వచ్చింది. తల్లి నుంచి కూతురికి, ఆ కూతురి నుంచి ఆమె కూతురికి రావలసిన నగ. అది అమ్మిన రోజున ఎవరూ "వంశంలో ఉండాలి" అనలేదు. "నలుగురు నవ్వరా" అనలేదు. ఆడవాళ్ళ చేతుల మీదుగా వచ్చేదానికి మనం వంశం అనే పేరు పెట్టలేదు మరి!

1968లో పది గ్రాముల బంగారం దాదాపు 160 రూపాయలు. ఇప్పుడు అదే లక్ష దాటింది. ఆ కాసులపేరు ఉండి ఉంటే ఈ రోజు దాని విలువ ఎంతో మీరే లెక్కేసుకోండి. వాచీకి లక్షా డెబ్భై వేలు. "ఉంచుకుంటే ధర పెరుగుతుంది" అనే మా మరిదికి నేను చెప్పేది ఇదే. పెరిగే సొత్తును అమ్మి, పెరగని సొత్తును కొనిపించింది మన ఇల్లే. ఇప్పుడు పెరుగుదల గురించి ఆమెకు పాఠం చెప్పకండి.

ఇంకో సంగతి. హెచ్‌ఎంటీ ఫ్యాక్టరీ మొదలైన 1961లోనే వరకట్న నిషేధ చట్టం కూడా వచ్చింది. ఆ జూలై 1 నుంచి అమల్లో ఉంది. కట్నం తీసుకోవడం నేరమని అందరికీ తెలుసు. అందులో ఆరో సెక్షన్ సంగతి ఎక్కువమందికి తెలియదు. పెళ్ళికూతురు కాక వేరెవరు కట్నం తీసుకున్నా దాన్ని ఆ అమ్మాయికే అప్పగించాలి, అప్పగించేదాకా ఆమె కోసమే దాచి ఉంచాలి అంటుందది. ఇప్పుడున్న గడువు మూడు నెలలు. అడగకుండా ప్రేమతో పెట్టిన కానుకలకు చట్టంలో వేరే లెక్క ఉంది. కానీ మా ఇంటి వాచీ అడిగి, అలిగి, అమ్మించి తీసుకున్నది. మూడు నెలలు కాదు, యాభై ఏళ్ళు దాటాయి. 

కోర్టుకెక్కమని నేను అనడం లేదు. ఎవరి సొమ్మో గుర్తు చేస్తున్నానంతే. పోనీ, కట్నం మాట పక్కన పెట్టి, అది మామయ్య సొంత ఆస్తే అనుకుందాం. ఆయన వీలునామా రాయలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటాలు. అంటే అత్తమ్మకు పావు, మావారికి పావు, మరిదికి పావు, ఆడబిడ్డకు పావు. "మీ అన్నదమ్ములిష్టం" అన్న మాటకు ఆ లెక్కలోనూ చోటు లేదు. వంశం అనే నాలుగో మనిషో ఐదో మనిషో ఆ చట్టంలో ఎక్కడా లేడు.

ఇప్పుడు "మిషను మేం కొనిస్తాం" అనే మాటకు వద్దాం. రెండు చెవులకూ కలిపి లక్షా పది వేలన్నారు. కొడుకులు కొనిస్తే ఏమవుతుంది? అత్తమ్మ దాన్ని పెట్టుకున్న ప్రతిసారీ "నా కొడుకులు కొనిచ్చిన్రు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది. వాళ్ళు "ఎంత మంచి కొడుకులో" అంటారు. రిపేరు వచ్చినప్పుడు చెప్పడానికి మొహమాటపడుతుంది. బ్యాటరీలు తెమ్మనడానికి సమయం చూసుకుంటుంది. ఇవన్నీ నేను ఊహించి రాయడం లేదు. కళ్ళజోడు అద్దం పగిలితే ఇరవై రోజులు చెప్పకుండా ఉన్న మనిషి ఆమె. తన సొమ్ముతో కొనుక్కుంటే ఆ మొహమాటం ఉండదు. సొంత ఆస్తి బీరువాలో పెట్టుకుని ఇంకొకరి దయ మీద వినాల్సిన ఖర్మ ఆమెకెందుకు?

మిగిలిన అరవై వేలూ పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేస్తే మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. పెద్ద మొత్తమేం కాదు. కానీ మనవరాలి చేతిలో పండక్కి ఐదొందలు పెట్టాలంటే కొడుకు జేబు వైపు చూడక్కర్లేదు. డెబ్భై నాలుగేళ్ళకు ఆ మాత్రం స్వతంత్రం కావాలనుకోవడం అత్యాశా?

జ్ఞాపకం మాటేమిటంటారా? గొప్ప వాచీలను మనం సొంతం చేసుకోము, తర్వాతి తరం కోసం కాపాడతామంతే అనే అర్థంలో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. మా మరిది కూడా అదేదో తాతల నాటి సామెతలాగా చెప్పాడు. అది సామెత కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన పటెక్ ఫిలిప్ కంపెనీ 1996లో మొదలుపెట్టిన వ్యాపార ప్రకటన. ఖరీదైన వాచీ కొనడానికి వెనకాడే తండ్రి చేత కొనిపించడానికి రాసిన మాటను మనం మన సంప్రదాయం అనుకుంటున్నాం.

వాచీల లోకంలో పేరుమోసిన కథ ఇంకొకటుంది. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ చేతి రోలెక్స్ 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో కోటీ డెబ్భై ఏడు లక్షల డాలర్లు పలికింది. దాన్ని ఆయన ఎన్నో ఏళ్ళ ముందే కూతురి స్నేహితుడికి ఇచ్చేశారు. అమ్మినందుకు న్యూమన్ జ్ఞాపకం చెరిగిపోలేదు, వచ్చిన డబ్బులో కొంత ఆయన కూతురి సేవాసంస్థకు వెళ్ళింది. ఇంతకీ ఆ వాచీ ఆయనకు కొనిచ్చిందెవరు? ఆయన భార్య, నటి జోఆన్ వుడ్‌వర్డ్. లోకం మాత్రం ఆ మోడల్ వాచీలన్నిటినీ పాల్ న్యూమన్ అనే పిలుస్తుంది. అమెరికా అయినా నర్సంపేట అయినా పేరు దగ్గరికొచ్చేసరికి ఒకటే దారి!

చావి వాచీకి ఉండే గుణం ఒకటి చెప్తాను. లోపలి స్ప్రింగు చుడితేనే నడుస్తుంది. చుట్టకపోతే ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. కొన్నేళ్ళకోసారి విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించకపోతే లోపలి నూనె ఎండి పళ్ళ చక్రాలు అరుగుతాయి. కాపాడటమంటే దూదిలో చుట్టడం కాదు. ఈ రెండేళ్ళలో దాన్ని బీరువాలోంచి తీసి చావి ఇచ్చిన కొడుకెవరు? మీ ఇంట్లో రోజూ చావి ఇచ్చి పెట్టుకునే మనిషి ఉంటే, ఆ మనిషికి ఇవ్వడానికి అసలు యజమాని ఒప్పుకుంటే, నిశ్చింతగా ఉంచుకోండి. అది కొడుకైనా సరే, కూతురైనా సరే, కోడలైనా సరే. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించాక కూడా పాత జనతాలను ముచ్చటపడి వెతికి కొని పెట్టుకునే కుర్రాళ్ళున్నారు. వాళ్ళ చేతికి వెళ్ళిన వాచీ బతుకుతుంది. మన బీరువాల్లోది బతకదు.

మామయ్యను తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. కోడలిగా ఆయన దగ్గర నాకు దక్కిన ఆదరం నాకు తెలుసు. మిల్లు మూతపడ్డాక ఆయన పడ్డ బాధా తెలుసు. పెళ్ళినాటికి ఆయనకూ ఇరవై రెండేళ్ళే, పెద్దలు అలగమంటే అలిగాడు. కానీ మంచివాడైనంత మాత్రాన ఇంకొకరిది ఆయనదైపోదు. ఆయన మీద గౌరవం ఉంటే ఆయన తీర్చకుండా పోయిన బాకీ మనం తీర్చాలి. పిల్లలు తండ్రి అప్పులు తీర్చడాన్ని మనవాళ్ళు గొప్పగానే చెప్పుకుంటారు కదా! ఇదీ అప్పే. అప్పిచ్చినావిడ మన వంటింటి పక్క గదిలోనే ఉంది.

ప్రతి జూన్‌లో కాలేజీ ఫీజుల వేళ బ్యాంకుల్లో బంగారు రుణాల దగ్గర నిలబడే ఆడవాళ్ళను చూడండి. గాజులు, గొలుసులు, కొన్నిసార్లు పుస్తెలతాడు కూడా. వాటికోసం ఏ ఇంట్లోనూ ఆరు నెలలు చర్చ జరగదు. అరగంటలో తేలిపోతుంది. మగవాళ్ళ వాచీ దగ్గరికి వచ్చేసరికే మనకు వారసత్వం, జ్ఞాపకం, నలుగురు గుర్తొస్తారు.

అమ్మేవాళ్ళకు ఒక జాగ్రత్త. తూకం వేసేవాళ్ళ దగ్గరే ఆగిపోకండి. మెరుగు పెట్టించకండి, డయలుకు రంగు వేయించకండి. పాతదనం పోతే ధరా పోతుంది. కనీసం ఇద్దరు ముగ్గురికి చూపించండి. రసీదు యజమాని పేరు మీదే తీసుకోండి. మా ఇంట్లో అది అత్తమ్మ పేరు మీదే ఉండాలని నేను పట్టుబట్టాను. ఇంకా తేలలేదు, తేలేదాకా బీరువా తాళంచెవి ఆమె కొంగునే ఉంటుంది.

ఈసారి మీ ఇంట్లో ఏ పాత వాచీయో, ఉంగరమో, పట్టు పంచో బయటికి వచ్చినప్పుడు "ఎంత పలుకుతుంది" అనే ముందు "ఏది అమ్మితే ఇది వచ్చింది" అని అడగండి. ఆ జవాబు తెలిసిన ముసలమ్మ ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది. దగ్గర కూర్చుని, కాస్త గట్టిగా అడగండి.