రెండు బుట్టల వేపుడు పెట్టె: ఇంటికి కొనాలా, వద్దా?



ఈ మధ్య మీరు పత్రికకు పంపిన ప్రశ్నల్లో మూడు ఒకే వస్తువు గురించి ఉన్నాయి. అదే ఎయిర్ ఫ్రయ్యర్. అందులోనూ పక్కపక్కన రెండు బుట్టలు ఉండే రకం. ఒక తమ్ముడు, "ఇంట్లో ఫోన్‌లో చూసి అడుగుతున్నారు. నా జీతంలో సగం పోతుంది. రోజూ వాడతారా, నాలుగు రోజులకు అటకెక్కిస్తారా?" అని అడిగాడు. ఇంకొకాయన, "మా బావమరిది అమెరికాలో ఉన్నాడు. అక్కడ చవకంటున్నాడు. తెప్పించుకోవచ్చా?" అన్నాడు. మూడో ఆయన, "గదిలో ఎనిమిది మందిమి. తలా కొంత వేసుకుని కొని గదిలోనే పెట్టుకుంటే ఎలా ఉంటుంది?" అని రాశాడు.

మూడూ డబ్బుతో కూడిన ప్రశ్నలే. మూడోది ప్రాణంతో కూడినది కూడా. అందుకని మా ఇళ్లలో రెండు వారాల పాటు రోజూ దీంతోనే వండి చూశాం. మేం ఇంజనీర్లం కాదు, గోడౌన్ల ఆఫీసుల్లో బిల్లులు రాసుకునేవాళ్లం. కొలతలు, లెక్కలు మాత్రం పుస్తకంలో రాసి పెట్టుకున్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం పెట్టెలన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి.

ముందు అది ఏమిటో చెప్పుకుందాం. పేరులో ఫ్రయ్యర్ అని ఉన్నా ఇది నూనెలో వేయించదు. పైన ఒక కరెంటు తీగచుట్ట ఉంటుంది. దాని మీద ఫ్యాను. వేడిగాలిని వేగంగా బుట్ట చుట్టూ తిప్పి పదార్థాన్ని కాలుస్తుంది. అంటే చిన్న ఓవెన్ అన్నమాట. ఫిలిప్స్ కంపెనీ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో దీన్ని బయటపెట్టాక ఈ పేరు లోకమంతా పాకింది. రెండు బుట్టలవి తర్వాత వచ్చాయి. ఒక్కో బుట్టకు వేరే వేడి, వేరే టైము పెట్టుకోవచ్చు. మేం వాడినదాంట్లో రెండు బుట్టలూ కలిపి ఏడున్నర లీటర్ల పైచిలుకు. ఇక్కడ ఇలాంటివి రెండొందల డాలర్లకు అటూఇటూగా దొరుకుతాయి.

ఈ ఊళ్లో మనవాళ్లు దీన్ని ఎందుకు కొంటారో కూడా చెప్పాలి. కాపెల్ డల్లాస్ విమానాశ్రయానికి ఉత్తరాన ఉన్న చిన్న ఊరు. ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలకు చేరుతుంది. ఇంటికి తలుపులు, కిటికీలు మూసి ఏసీ వేసుకోవాలి. పొయ్యి మీద మూకుడు పెట్టి చేపలు వేయిస్తే పొగ అలారం మోగుతుంది. వాసన తివాచీకి, బట్టలకు పట్టుకుని రెండు రోజులు పోదు. అందుకే చాలా తెలుగు ఇళ్లలో కారు షెడ్డులోనో, వెనక పెరట్లోనో ఇంకో పొయ్యి పెట్టుకుని వేపుళ్లు అక్కడ చేస్తారు. ఆ బాధ తప్పుతుందని ఈ పెట్టె కొంటారు. మన ఊళ్లో వంటింటికి కిటికీ ఉంటుంది, పెరడు ఉంటుంది. ఇక్కడి అవసరం అక్కడ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

బాగా కుదిరినవి

బెండకాయ వేపుడు. అర కిలో ముక్కలు, రెండు చెంచాల నూనె, 190 డిగ్రీలు, 15 నిమిషాలు. మధ్యలో రెండుసార్లు బుట్ట లాగి కుదిపాం. జిగురు లేకుండా పొడిపొడిగా వచ్చింది. మూకుట్లో అయితే ఇదే కూరకు మా ఇంట్లో పెద్ద గరిటెడు నూనె పడుతుంది. ఉప్పు, కారం దించాక కలపాలి. ముందే వేస్తే కారం మాడి గొంతుకు ఘాటు తగులుతుంది.

పల్లీలు. 160 డిగ్రీల్లో 10 నిమిషాలు. చట్నీకి వేయించినట్టే వచ్చాయి.

వంకాయ. నాలుగు గాట్లు పెట్టి, నూనె రాసి, 200 డిగ్రీల్లో 25 నిమిషాలు ఉంచితే తొక్క ఊడి వచ్చింది. పచ్చడికి బాగుంది. నిప్పుల మీద కాల్చిన పొగ వాసన మాత్రం రాదు.

కోడి. కిలో ముక్కలకు మసాలా పట్టించి, సగం సగం రెండు బుట్టల్లో పరిచి, 200 డిగ్రీల్లో 24 నిమిషాలు ఉంచాం. రుచి బాగుంది. కానీ దీన్ని వేపుడు అనలేం, కాల్చిన కోడి అనాలి. ముక్క లోపల 74 డిగ్రీల వేడి తగిలితేనే పూర్తిగా ఉడికినట్టు లెక్క. పైన ఎర్రగా కనిపించిందని దించేస్తే ఎముక దగ్గర పచ్చి మిగిలే ప్రమాదం ఉంది. పెద్ద ముక్కను కోసి చూసుకోండి.

బంగాళాదుంప. ముక్కలు అరగంట నీళ్లలో నానబెట్టి, తుడిచి వేశాం. బంగారు రంగు రాగానే తీసేయాలి. దుంప బాగా మాడితే అక్రిలమైడ్ అనే పనికిరాని పదార్థం ఎక్కువగా తయారవుతుంది. నూనె లేదు కదా, ఏం కాదనుకోవడం తప్పు. నానబెడితే అది కొంత తగ్గుతుంది.

కుదరనివి

మిర్చి బజ్జీ, పునుగులు. పిండి జారిపోయి బుట్ట కన్నాల్లోంచి కిందికి కారింది. కడగడానికే అరగంట పట్టింది. గారెలు పైన పగిలి, లోపల పిండి పిండిగా ఉండిపోయాయి. అప్పడం ఫ్యాను గాలికి ఎగిరి పైనున్న తీగచుట్టకు అతుక్కుని పొగ వచ్చింది. అదృష్టం బాగుండి వెంటనే చూసుకున్నాం. కరివేపాకు కూడా అలాగే ఎగురుతుంది. తేలికైనవి ఏవీ విడిగా వేయకండి.

ఇక పప్పు, పులుసు, చారు, తిరగమోత ఇందులో అయ్యే పనులు కావు. అన్నానికి కుక్కర్ ఎలాగూ ఉండాలి. అంటే ఈ పెట్టె కొన్నంత మాత్రాన పొయ్యి ఆగదు. మన భోజనంలో ఒక్క వేపుడు మాత్రమే ఇది చేస్తుంది.

రెండు బుట్టల సంగతి

ఇందులో మాకు నచ్చింది ఒకటుంది. ఎడమ బుట్టలో కోడికి 24 నిమిషాలు, కుడి బుట్టలో బెండకాయకు 15 నిమిషాలు పెట్టి, రెండూ ఒకేసారి అయ్యే మీట నొక్కితే, కుడి బుట్ట తొమ్మిది నిమిషాలు ఆగి మొదలవుతుంది. రెండూ వేడివేడిగా ఒకేసారి వస్తాయి. పిల్లలకు కారం లేనిది ఒక పక్క, పెద్దవాళ్లకు కారంతో ఒక పక్క చేసుకోవచ్చు.

అయితే రెండు బుట్టలూ నిండా వేసి నడిపితే టైము పెరిగింది. 15 నిమిషాల బెండకాయకు 19 నిమిషాలు పట్టింది. ముక్కలు ఒక వరసగా పరిచితేనే వేగుతాయి. కుప్పగా పోస్తే కింద ఉన్నవి ఉడుకుతాయి, అంతే. నలుగురికి సరిపోయింది. చుట్టాలు వచ్చి ఎనిమిది మందిమి అయిన రోజున మూడు వాయిలు వేయాల్సి వచ్చింది. ఆఖరి వాయి దిగేసరికి మొదటిది చల్లారిపోయింది.

ఇంకో మాట. మా ఇళ్లలో ఒక అమ్మమ్మ నీచు ముట్టదు. బుట్టలు వేరు కదా, ఒకదాంట్లో ఆమెకు దొండకాయ, ఇంకోదాంట్లో చేప పెట్టాం. ఆమె ఆ పెట్టెను ఒకసారి చూసి, "ఒకే పొయ్యిలో రెండూనా? నాకు పెరుగన్నం చాల్లే అమ్మా" అని లేచి వెళ్లింది. తప్పు మాదే. ఆ మర్నాటి నుంచి ఆమె కూర మూకుట్లోనే చేస్తున్నాం. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే బుట్టలు రెండున్నాయన్న ధీమాతో కొనకండి. వాళ్లను అడిగి కొనండి.

అసలు సంగతి కరెంటు

రెండు వారాల్లో మాకు జరిగిన పెద్ద అనుభవం వంటలో కాదు, ప్లగ్గులో. మా పెట్టె 1690 వాట్లు తీసుకుంటుంది. ఇక్కడి కరెంటు 120 వోల్టులు. వంటింటి లైను 15 ఆంపియర్లయితే 1800 వాట్లే మోస్తుంది. ఒకరోజు అదే లైనులో అన్నం కుక్కర్ కూడా పెట్టాం. టప్పుమని బ్రేకర్ పడి సగం ఇల్లు చీకటైంది. బ్రేకర్ పడటం మంచిదే. పడకపోతే గోడలో తీగ కాలుతుంది.

ఇప్పుడు బావమరిది ప్రశ్నకు జవాబు. అమెరికా పెట్టె 120 వోల్టులది. మన దేశంలోనూ, గల్ఫ్‌లోనూ వచ్చేది 220 నుంచి 240 వోల్టులు. ప్లగ్గు మార్చే చిన్న అడాప్టర్ కాళ్ల ఆకారం మారుస్తుంది గానీ వోల్టులు మార్చదు. దాంతో గుచ్చితే పెట్టె కాలిపోతుంది, మంట కూడా రావచ్చు. వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది గానీ, ఇంత వాట్లకు సరిపడేది బరువూ ఎక్కువే, ఖరీదూ ఎక్కువే. కాబట్టి తెప్పించుకోవద్దు. చవక అనుకున్నది చెత్తబుట్టకు పోతుంది.

ఇంటికి కొనాలనుకునే తమ్ముడు ఇల్లాలిని మూడు సంగతులు చూడమనాలి. ఒకటి, వంటింట్లో పెద్ద సాకెట్టు ఉందా? 220-240 వోల్టుల రెండు బుట్టల పెట్టెలు 2400 వాట్ల దాకా తీసుకుంటాయి. మామూలు 6 ఆంపియర్ల సాకెట్టు సుమారు 1400 వాట్లే మోస్తుంది. గీజరుకు పెట్టే 16 ఆంపియర్లది ఉండాలి. రెండు, కరెంటు బిల్లు మీద లోడు ఎంతని రాసి ఉంది? 1 కిలోవాట్ అని ఉంటే ఈ ఒక్క పెట్టే దాన్ని దాటిపోతుంది. మూడు, మీ ఊళ్లో కరెంటు నిలకడగా ఉంటుందా? ఇళ్లలో పెట్టుకునే మామూలు ఇన్వర్టర్ దీన్ని మోయలేదు. కరెంటు ఎప్పుడూ పోదనుకునే ఈ టెక్సస్‌లోనే 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయింది. అప్పుడు ఇలాంటి పెట్టెలన్నీ అలంకారానికే మిగిలాయి.

ఖర్చు మాటకొస్తే, 2400 వాట్లు ఆగకుండా 25 నిమిషాలు నడిస్తే ఒక యూనిట్. మీ యూనిట్ ధరతో గుణించుకోండి. నూనె మిగులుతుంది, నిజమే. కానీ ఉప్పు తగ్గదు, అన్నం తగ్గదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇదొక్కటే మందు అనుకోవద్దు.

గదిలో పెట్టుకోవచ్చా?

వద్దు అన్నా. ఈ ఒక్క జవాబులో మాకు ఏ అనుమానమూ లేదు.

లెక్క చూడండి. గల్ఫ్‌లో మూడు చదును కాళ్ల ప్లగ్గు 13 ఆంపియర్లది. అంటే సుమారు 3000 వాట్లు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు నాలుగు రంధ్రాలున్నా మొత్తం మోసేది అంతే. చవక రకాలు అది కూడా మోయవు. ఈ పెట్టె 2400, నీళ్ల కెటిల్ 2000 కలిస్తే 4400. పైన ఫోన్ చార్జర్లు. బోర్డు మంచం కింద, పైన దుప్పటి వేలాడుతూ ఉంటుంది. అలాంటి చోట తీగ వేడెక్కినా ఎవరికీ కనిపించదు.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులున్న భవనం అంటుకుంది. నలభై మందికి పైగా మన దేశంవాళ్లు పోయారు. వాళ్లలో ఆంధ్రప్రదేశ్ వాళ్లు ముగ్గురు. అది వంట వల్ల జరిగింది కాదు. కరెంటు షార్ట్ సర్క్యూట్ అని అక్కడి అధికారులు చెప్పారు. కానీ నిద్రపోతున్న మనుషులకు పొగ ఏ తీగ నుంచి వచ్చినా ఒక్కటే. అందుకే గదిలో వంట వద్దని క్యాంపుల్లో రాసిపెట్టిన మాటను విసుక్కోకండి. వండాలంటే ఉమ్మడి వంటగది ఉంది. అక్కడ గోడ సాకెట్టు ఉండి, క్యాంపు వాళ్లు ఒప్పుకుంటే, బోర్డు లేకుండా నేరుగా గుచ్చి వాడుకోండి. అయినా ఎనిమిది మందికి మూడు వాయిలు. డ్యూటీ నుంచి వచ్చి ఆకలితో గంటసేపు నిలబడాలి.

మా తీర్పు

ఇంట్లో నలుగురే ఉండి, పెద్ద సాకెట్టు, నిలకడైన కరెంటు ఉండి, వారానికి నాలుగైదుసార్లు వేపుడు చేసే ఇల్లయితే కొనవచ్చు. మన దేశంలోనే, బిల్లుతో, దగ్గర్లో రిపేరు దొరికే కంపెనీది కొనండి. లోపలి పూతకు ఇనుప గరిటె తగలనివ్వకండి. పైన చెప్పినవాటిలో ఏది లేకపోయినా ఆగండి. జీతంలో సగం పెట్టి కొన్నది అటక మీద ఉంటే ఇల్లాలికీ బాధే, మీకూ బాధే.

ఆగినంత మాత్రాన ఇంట్లో వాళ్లను చిన్నబుచ్చినట్టు కాదు. ఆమె అడిగింది పెట్టెను కాకపోవచ్చు. పొయ్యి దగ్గర నిలబడే గంట తగ్గితే బాగుండునని అడిగి ఉండవచ్చు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి కనుక్కోండి. మంచి మిక్సీయో, రెండో గ్యాస్ సిలిండరో, మందపాటి ఇనుప మూకుడో ఆమెకు ఎక్కువ పనికి రావచ్చు.

వేపుడు పెట్టె సంగతి ఇంతటితో సరి. గదిలో ఉన్న బోర్డును మాత్రం ఈ రాత్రే ఒకసారి తాకి చూడండి. వేడిగా ఉంటే ప్లగ్గులు పీకేసి, క్యాంపు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.