కొలతలో మనిషేడీ?

రామకుప్పానికి సముద్రం లేదు. అయినా ఈ సంగతి మనదే. ఆటుపోట్లతో కరెంటు తీయాలంటే ముందు సముద్రపు పాయల్ని కొలుస్తారు: నీళ్లు ఎంత లేస్తాయి, ఖర్చెంత అని. గుజరాత్ ఖంభాత్ అఖాతంలో పది మీటర్ల దాకా లేస్తాయి. మన కోస్తాలో రెండు మీటర్లు కూడా లేవవు. బెంగాల్ సుందరబన్స్‌లో దుర్గాదువాని పాయమీద 3.75 మెగావాట్ల పథకం అనుకొని, ఖర్చెక్కువని మానేశారు.

రూపాయి లెక్క సరే, కూటి లెక్కో? పాయకు అడ్డంగా గోడ కడితే చేపల రాకపోక తెగుతుంది. పులికాట్‌లో యానాదులు చేత్తో రొయ్యలు పట్టి బతికినట్టే, పాయల్లో ఎందరి కూడో ఉంది.

మనం దున్నే డీకేటీ భూమిని బంజరని రాస్తే ఊరుకుంటామా? పాయను ఖాళీ అని రాసినా అంతే. కరెంటు కావాల్సిందే. అన్నలారా, అక్కలారా! కొలిచేవాళ్లు ఎక్కడికొచ్చినా ముందు అడగండి: ఈ లెక్కలో మేమెక్కడ?