ఖులాకు భర్త ఓకే చెప్పాల్సిన పనిలేదు.. మరి ఇన్నాళ్లూ ఆపిందెవరు?

తలాక్ చెప్పడానికి భర్తకు భార్య అనుమతి అక్కర్లేదు. అదే భార్య విడిపోతానంటే మాత్రం "ఆయన ఒప్పుకోవాలి కదా" అంటారు. ఖులా అడిగిన చాలామంది ముస్లిం మహిళలు ఈ ఒక్క మాట దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోతుంటారు.

దీనిపై తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో క్లారిటీ ఇచ్చేసింది. ఖులా భార్యకున్న పూర్తి హక్కు.. భర్త కాదనడానికి వీల్లేదు. మహా అయితే మెహర్ తిరిగి ఇవ్వడంపై మాట్లాడుకోవచ్చు, అంతే. ముఫ్తీ ఇచ్చే ఖులానామా కూడా తప్పనిసరి కాదు, అది సలహా మాత్రమేనని జస్టిస్ మౌసుమి భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్.మధుసూదన్ రావు బెంచ్ తేల్చింది. కేరళ హైకోర్టు 2021లోనే ఇలాంటి తీర్పు ఇచ్చింది.

ఇక్కడ అసలు పాయింట్ వేరే ఉంది. ఇది మతాన్ని పక్కనపెట్టి ఇచ్చిన తీర్పు కాదు. ఖులాకు ఆధారం ఖురాన్ రెండో అధ్యాయం 229వ వాక్యం. హదీసుల్లోనూ ఒక ఉదాహరణ కనిపిస్తుంది. సాబిత్ బిన్ ఖైస్ భార్య ఆయనతో ఉండలేనని ప్రవక్త దగ్గరికి వెళ్తారు. మెహర్‌గా తీసుకున్న తోట తిరిగిచ్చేస్తావా అని ప్రవక్త అడుగుతారు. ఆమె సరేనంటారు. అక్కడితో విడాకులు అయిపోతాయి. భర్త తప్పేంటో నిరూపించమని ఆమెను ఎవరూ అడగలేదు.

ముస్లిం ఫెమినిస్టులు మొదటి నుంచీ చెప్పేది ఇదే. హక్కు గ్రంథంలోనే ఉంది, దానికి అర్థం చెప్పే అధికారం మగవాళ్ల చేతిలో ఉండిపోయిందని. అమెరికా స్కాలర్ అమీనా వదూద్ 1992లో రాసిన 'ఖురాన్ అండ్ ఉమన్' పుస్తకం వాదన కూడా దాదాపు ఇదే. మన దేశంలో 2007లో మొదలైన భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ ఇంకో అడుగు ముందుకేసి, మహిళలకు ఖాజీలుగా ట్రైనింగ్ ఇచ్చింది. షరియత్‌కు అర్థం చెప్పాల్సింది మతపండితులేనని ఉలేమాల వాదన. కానీ ఆ పండితుల్లో మహిళలు ఎంతమంది?

తీర్పుతో అన్నీ తీరిపోలేదు. ఫ్యామిలీ కోర్టు చూసేది మూడే విషయాలు. భార్య ఖులా అడిగిందా, రాజీకి ప్రయత్నం జరిగిందా, మెహర్ తిరిగిస్తానందా. పెద్ద విచారణ అక్కర్లేదు. అయితే భర్త గల్ఫ్‌లో ఉండి ఫోనే ఎత్తకపోతే? మెహర్ లెక్క దగ్గరే నెలల తరబడి బేరాలాడితే? కాదనే హక్కు లేకపోయినా, సాగదీసే దారి ఆయనకు ఇంకా మిగిలే ఉంది.