ఇల్లు మిగిలినది, పొలమేది?

మోటారుకార్లవలన లోకప్రసిద్ధుడైన హెన్రీ ఫోర్డు రైతుబిడ్డయని మనలో పలువురెరుగరు. 1863లో అతడు జన్మించిన కొయ్యయిల్లు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున, డియర్‌బర్న్ పట్టణములో నేటికిని భద్రముగా నున్నది. ఆ యింటినిగూర్చి నాకు తోచిన యభిప్రాయమును రైతుసోదరులకు మనవి చేసికొందును.

ఫోర్డులు ఐర్లండుదేశమున కార్క్ సీమకు చెందిన కౌలుదారులు. అచ్చటి బీదలకు బంగాళాదుంపయే కూడు. వారు పండించిన ధాన్యము భూస్వాముల కౌలుక్రింద పోవుచుండెను. 1845 మొదలుకొని దుంపకు మాడుతెగులు సోకి పంట నేలలోనే క్రుళ్లిపోయెను. సుమారు పదిలక్షలమంది మరణించిరి. అంతకు తగ్గని జనము ఓడలెక్కిరి. జాన్ ఫోర్డు కుటుంబము 1847లో వలసవచ్చి, మరుసటియేట 80 ఎకరములు కొని, చెట్లు నరికి సేద్యమారంభించెను. అతని కుమారుడు విలియము వడ్రంగముకూడ నెరిగినవాడు. 1861లో మేరీని వివాహమాడి, ఆమెను పెంచిన వృద్ధదంపతులతో గూడ ఈ యింట కాపురముండెను. గోధుమ, గడ్డి, పండ్లతోట, గొఱ్ఱెలు అన్నియు గలవు; ఒక్కపంటను నమ్ముకొనిన వారి గతి అతడెరుగును.

హెన్రీకి సేద్యపుచాకిరి రుచింపలేదు. అయినను దానిని మరువలేదు. 1917లో ట్రాక్టర్ల నిర్మాణమునకు పూనుకొని, 1919నుండి పూర్వులు విడిచివచ్చిన కార్క్ లోనే వానిని చేయించెను. ఆ యేటనే రస్తా వెడల్పునకు పుట్టినయిల్లు అడ్డురాగా, ప్రక్కకు జరిపించి బాగుచేయించెను. తల్లి వాడిన పళ్లెములెట్టివో తెలియుటకై నేల త్రవ్వించి పింగాణీపెంకులను వెదకించెను. 1944లో ఆ యింటిని తాను నెలకొల్పిన గ్రీన్‌ఫీల్డు ప్రదర్శనగ్రామమునకు తరలించెను.

మాతృభక్తి మెచ్చదగినదే. కాని ఇల్లు కదలినది, పొలము కదలలేదు. దానిమీద పట్టణము వెలసినది. పొయ్యిని, పళ్లెములను చూచువానికి తల్లి కనబడును; చెట్లు నరికిన తాత, దున్నిన తండ్రి కనబడరు. కావున రైతుయింటిని కాపాడువారు దానితో కొంతపొలమునైనను కాపాడవలెనని నా మతము.

పట్టణములు పెరుగక మానునా యని కొంద రందురు. మానవు. అందుచేతనే పొలముండగనే దాని చరిత్రను వ్రాసియుంచవలెను. ఇందుకు ప్రదర్శనశాలలతో పనిలేదు. ఒక్క పుస్తకము చాలును. ఏ యేట ఏ పంట వేసితిమి, ఏ తెగులు సోకెను, బావిని ఎవరు త్రవ్విరి, సంఘపుబాకీ ఎప్పుడు తీరెను అనునవి వ్రాసి దస్తావేజులతోపాటు పెట్టెలో నుంచుడు. రేపు మీ మనుమడు ఎచ్చట బ్రదికినను, తన యన్నము ఏ నేలనుండి వచ్చెనో తెలిసికొనగలడు.