న్యాయ విషయములు: గడువు తప్పిన గుత్తేదారు



గోడలు లేచినవి, కప్పు పడినది, గుత్తేదారు మాత్రము కనబడుట లేదని యొక సోదరి మాకు జాబు వ్రాసియున్నారు. సంక్రాంతికి గృహప్రవేశమని మాట యిచ్చిన మనుష్యుడు ఉగాది దాటినను రాలేదట. పైకములో నాలుగింట మూడు వంతులు అతనికి ముట్టినవి. పని వేరొకనిచే ముగింపించుకొని, అధికమైన ఖర్చును మొదటివాని నుండి రాబట్టవచ్చునా యని వారి ప్రశ్న.

రాబట్టవచ్చును. కాని రేపే క్రొత్త మేస్త్రీని పిలువరాదు. కాగితమున తేదీ యున్నంత మాత్రమున, ఆ దినము దాటగనే ఒడంబడికను రద్దుచేయవచ్చునని గృహనిర్మాణ విషయమున న్యాయస్థానములు సాధారణముగా నెంచవు. కావున ముందు తగినంత గడువొకటి యిచ్చి, అంతలో ముగింపనిచో వేరొకనిచే చేయింతుననియు, నష్టము నీవే భరింపవలెననియు జాబు వ్రాసి, చేరినట్లు ఋజువు దొరకు విధమున తపాలాలో పంపవలెను.

ఆ గడువును దాటినచో, క్రొత్తవాడు తాపీ పట్టుటకు మునుపే జరిగిన పనిని ఇంజనీరుచే కొలిపించి, విలువ కట్టించి, ఛాయాచిత్రములు తీయించి యుంచుకొనుడు. పైన సిమెంటు పూత పడిన పిమ్మట లోపలి యిటుక ఎవరు పెట్టినదో చెప్పువారుండరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము, 73వ సెక్షను ప్రకారము, ఒడంబడిక తప్పుటవలన సహజముగా కలిగిన నష్టమునకే పరిహారము. మొదట నాపరాళ్లని యుండగా, ఈ సందున పాలరాయి పరపించి ఆ తేడా నతనిపై వేసిన చెల్లదు.

ఇక, ఆ గుత్తేదారే వచ్చె నెలలో నవ్వుచు వచ్చి పని మొదలిడినచో? ఇచ్చటనే మనవారు మోసపోవుదురు. గడువే ముఖ్యమైన ఒడంబడికలో, పరిహారము కోరుదునని అప్పుడే తెలుపక ఆలస్యపు పనిని అంగీకరించినచో, ఆ యాలస్యమునకు పిదప నేమియు నడుగుటకు వీలులేదని 55వ సెక్షను చెప్పుచున్నది. వచ్చినవానికి కాఫీ యిచ్చినంత సులభముగా మన మీ హక్కును కూడ నిచ్చివేయుదుము.

ఆలస్యమునకు దినమున కింత జరిమానా యని వ్రాయించితినని ఆ సోదరి ధైర్యము. 74వ సెక్షను ననుసరించి అది పైమితి మాత్రమే. దానికి మించకుండ సమంజసమని తోచినంతయే కోర్టు ఇప్పించును.

గృహనిర్మాణమును సేవయే యని సుప్రీముకోర్టు 1993లో తీర్పు చెప్పినది. అందుచే వినియోగదారుల కమిషనులో తామే ఫిర్యాదు చేయవచ్చును. వకీలు తప్పనిసరి కాదు. అచ్చట గడువు 2 సంవత్సరములు, సివిలు దావాకు 3.

రశీదులు లేవని జాబు చివర నొక్క ముక్క వ్రాసినారు. మొదట వ్రాయవలసినది అదియే! బ్యాంకు ద్వారా పంపినది ఖాతాలో కనబడును. చేతికిచ్చిన దానిని ఏ తేదీన నెంత, ఎవరి యెదుట ఇచ్చినదియు నోటీసులోనే వివరింపవలెను. మిగిలిన నాలుగవ వంతును మాత్రము ఎవరెన్ని చెప్పినను ఇప్పట్లో కదలింపరాదు.