పని మారాలా, చోటు మారాలా?

ఉద్యోగంలో తృప్తి దొరకనప్పుడు, ఆ విసుగు పనిమీదనా, అది చేయవలసివచ్చిన చోటుమీదనా అన్నది తేల్చుకోకుండా రాజీనామాకు సిద్ధపడడం తొందరపాటే. 1895లో భీమవరంలో జన్మించి, రాజమహేంద్రవరంలో కొంతకాలం చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపక పదవిని వదలుకొని అమెరికా చేరారు. జీవకణాలకు శక్తినందించే ఏటీపీ అనే పదార్థాన్ని గుర్తించిన పరిశోధనలో పాలుపంచుకున్నప్పటికీ, హార్వర్డులో స్థిరమైన కొలువు దక్కకపోవడంతో 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు మారారు. మారింది యజమానే, పరిశోధన కాదు. గోదావరి పల్లెలను పీడించిన బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిములను అణచే డైఇథైల్‌కార్బమజైన్ మందు ఆయన నాయకత్వంలో ఆ సంస్థ ప్రయోగశాలలోనే రూపొందింది.