వెబ్‌సైటులో ఉన్నంత మాత్రాన అందినట్లేనా?

ప్రభుత్వ ప్రకటన కోసం కార్యాలయం గోడ వద్ద గుమిగూడే రోజులు దాదాపు గతించాయి. పింఛను, విద్యార్థి వేతనం, పంటల బీమా, ఓటర్ల జాబితా, నేడు అన్నింటికీ వెబ్‌సైటే ఆధారమవుతోంది. దీనివల్ల సౌకర్యం పెరిగిన మాట వాస్తవమే. అయితే సమాచారాన్ని వెబ్‌సైటులో ఉంచడం వేరు, అది ప్రజలకు చేరడం వేరు. ఆ వ్యత్యాసం తెలియక గడువు దాటిపోతే నష్టపోయేది పేదవాడే.

2011 జనగణన ప్రకారం తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాలు రెండింటిలోనూ తెలుగు మాతృభాషగా గలవారు జనాభాలో ఆరు శాతానికి చేరువలో ఉన్నారు. వీరందరూ ఒకే తీరు పాఠకులు కారు. ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమో తమిళమో మాత్రమే నేర్చినవారు కోలారు, హోసూరు ప్రాంతాలలో ఎందరో ఉన్నారు. వారికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. తెలుగు లిపి మాత్రమే వచ్చిన వృద్ధులున్నారు. ఏ లిపీ రానివారు, చూపు లేనివారు కూడా ఉన్నారు.

ఇందరికీ వేర్వేరు వెబ్‌సైట్లు అక్కరలేదు. సమాచారం యూనికోడ్ అక్షరాలలో ఉంటే సగం సమస్య తీరుతుంది. అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు, కావలసిన పదాన్ని వెతకవచ్చు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సాయంతో చెవిన వేసుకోవచ్చు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచే స్థానముంది. ఎన్‌వీడీఏ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగును చదివి వినిపిస్తుంది. అయినా సంతకం, ముద్ర వేసిన కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మగా ఉంచే అలవాటు కార్యాలయాలను వీడలేదు. అటువంటి పుట ఆ సాఫ్ట్‌వేర్‌కు సాధారణంగా తెల్లకాగితంతో సమానం.

చట్టాల కొరత లేదు. ఒక ప్రాంతంలో 15 నుంచి 20 శాతం మంది మాట్లాడే అల్పసంఖ్యాక భాషలో ముఖ్య ప్రకటనలను వెలువరించడం మేలని కేంద్రం 1956 నాటి పత్రంలోనే సూచించింది. సమాచారాన్ని వెల్లడించేటప్పుడు స్థానిక భాషనూ, ఆ ప్రాంతంలో ఫలించే పద్ధతినీ గమనించాలని 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షను చెబుతోంది. వికలాంగులకు అందుబాటు కల్పించడం 2016 చట్టం ప్రకారం బాధ్యత. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కొరవడింది ఆచరణే. యంత్రానువాదం ఉన్నది గదా అని చేతులు దులుపుకోవడం తగదు. గడువు తేదీలోనో, అర్హత నిబంధనలోనో ఒక్క తప్పు దొర్లినా దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. ప్రతి ప్రకటనకూ పై భాగాన ఎవరు అర్హులు, ఏ పత్రాలు కావాలి, చివరి తేదీ ఏది, ఎవరిని కలవాలి అనే నాలుగు విషయాలను చిన్న వాక్యాలలో వ్రాయించాలి. తెలుగువారు అధికంగా గల తాలూకాలలో వాటిని తెలుగులో కూడా వ్రాయించి, భాష తెలిసిన వ్యక్తి చేత సరిచూపించాలి. రెండు నిమిషాల ధ్వనిముద్రణను జతపరిస్తే లిపి రానివారికీ మేలు కలుగుతుంది. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

ఎన్ని పుటలు ఎక్కించామన్న లెక్క కార్యాలయానికి తృప్తినివ్వవచ్చు. చదవలేని అవ్వ కూడా విని, గడువులోగా దరఖాస్తు పెట్టగలిగిందా అన్నదే అసలైన కొలమానం.